మొటిమల వైద్యం: ఎక్కడ మొదలుపెట్టాలి, మూడు నెలలు ఎలా కొనసాగించాలి

మొటిమల వైద్యంలో మొదటి పని కొత్త క్రీము కొనడం కాదు, ఇంట్లో ఉన్నవాటిని బయటికి తీయడం. ఇప్పటిదాకా మొహానికి రాసుకున్నవన్నీ ఒకచోట పెట్టండి. ఫేస్‌వాష్, ఫెయిర్‌నెస్ క్రీము, ఫ్రెండ్ చెప్పిన ట్యూబు, మెడికల్ షాపులో "ఇది రాయండి, వారంలో పోతాయి" అని చేతిలో పెట్టిన ఆయింట్‌మెంట్, ఏదీ వదలొద్దు. పెద్దక్షరాల్లో ఉండే కంపెనీ పేరు పక్కనపెట్టి, ట్యూబు మీద సన్నక్షరాల్లో ఉండే మందు పేర్లు చదవండి.

అందులో బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్ లాంటి పేరు కనిపిస్తే అది స్టెరాయిడ్ క్రీము. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర మామూలు మొటిమలు మొండి జబ్బుగా మారడానికి ఇదొక పెద్ద కారణం. స్టెరాయిడ్ రాసిన రెండు మూడు రోజుల్లోనే ఎరుపు తగ్గుతుంది, వాపు దిగుతుంది, రంగు కూడా కాస్త తేలినట్టు కనిపిస్తుంది. దాంతో నమ్మకం కుదురుతుంది. వాడగా వాడగా చర్మం పలచబడుతుంది, సన్నటి ఎర్రటి నరాలు పైకి కనిపిస్తాయి, కొందరికి మొహం మీద నూగు వెంట్రుకలు పెరుగుతాయి, అన్నీ ఒకే సైజులో ఉండే కొత్త పొక్కులు లేస్తాయి. ఆపితే మొహం మండిపోతుంది. మండుతోందని మళ్ళీ అదే రాస్తారు. ఈ పరిస్థితికి మన దేశపు చర్మ వైద్యులు 'టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్' అని ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకోవాల్సి వచ్చింది. 2018లో కేంద్ర ప్రభుత్వం కొన్ని స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలో చేర్చింది. అయినా అడగ్గానే ఇచ్చే షాపులకి కొదవలేదు.

అలాంటి క్రీము నాలుగైదు రోజులే వాడి ఉంటే ఆపేయండి. నెలల తరబడి వాడుతుంటే మాత్రం సొంతంగా ఒక్కసారిగా మానేయొద్దు, ఈ వ్యాసంలోని మిగతా పద్ధతులూ మొదలుపెట్టొద్దు. ముందు చర్మ డాక్టర్‌ని కలవండి. దాన్ని ఎలా ఆపాలో ఆయన చెబుతారు.

ఇక వంటింటి వైద్యాలు. నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్ట్, నూరిన వెల్లుల్లి: ఈ నాలుగూ మొహం మీద పెట్టకూడనివే. వెల్లుల్లి కాలిన గాయం లాంటిది చేస్తుంది, తర్వాత ఆ మచ్చ మొటిమకన్నా ఎక్కువ కాలం ఉంటుంది. పసుపు, జాజికాయ అరగదీసిన గంధం చాలామందికి హాని చేయకపోవచ్చు గానీ, లోతుగా లేచిన మొటిమని తగ్గించే శక్తి వాటికి లేదు. సున్నిపిండితో ఒంటికి నలుగు పెట్టుకోండి, ఇబ్బంది లేదు. మొటిమలున్న మొహాన్ని మాత్రం దాంతో రుద్దొద్దు.

అసలు లోపల జరిగేది

మురికి వల్ల మొటిమలు రావు. బ్లాక్‌హెడ్ కొసన ఉండే నలుపు కూడా మట్టి కాదు, రంధ్రంలో ఇరుక్కున్న పదార్థం గాలి తగిలి నల్లబడటం, అందులో చర్మపు రంగుకి కారణమైన మెలనిన్ ఉండటం వల్ల అలా కనిపిస్తుంది. ఎంత తోమినా పోనిది అందుకే.

చర్మం మీద ప్రతి వెంట్రుక కుదురు పక్కనా చిన్న నూనె గ్రంథి ఉంటుంది. మొహం, ఛాతీ, వీపు మీద ఇవి పెద్దవి, ఎక్కువ కూడా. ఈడు వచ్చేటప్పుడు ఆండ్రోజెన్ హార్మోన్లు, మగపిల్లలకే కాదు ఆడపిల్లలకీ, పెరుగుతాయి. వాటి ప్రభావంతో గ్రంథి జిడ్డు ఎక్కువ చేస్తుంది. అదే సమయంలో రంధ్రం లోపలి మృతకణాలు రాలి బయటికి పోకుండా ఒకదానికొకటి అంటుకుంటాయి. దారి మూసుకుపోతుంది. మూత కింద గాలి ఆడని ఆ జిడ్డులో, మామూలుగా అందరి చర్మం మీదా ఉండే క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ అనే బ్యాక్టీరియా బాగా పెరుగుతుంది. శరీరం దానిమీద తిరగబడుతుంది. ఎరుపు, వాపు, నొప్పి, చీము అన్నీ ఆ పోరాటం వల్ల వచ్చేవే.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. రంధ్రం మూసుకోవడం మొదలైన చాలా రోజులకి గానీ మొటిమ పైకి కనిపించదు. అంటే వచ్చే నెల లేచే మొటిమలు ఇవాళ శుభ్రంగా కనిపిస్తున్న చర్మం కింద తయారవుతూ ఉండొచ్చు. లేచిన మొటిమ మీద మాత్రమే చుక్క పెట్టే పద్ధతి ఎందుకు పనిచేయదో, మందు మొహమంతా ఎందుకు రాయాలో, ఫలితానికి నెలలు ఎందుకు పడుతుందో, ఈ ఒక్క విషయంతో అర్థమవుతుంది.

తల్లిదండ్రుల్లో ఎవరికైనా ఎక్కువగా ఉండి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువ. టెన్షన్, నిద్రలేమి పెంచగలవు. కొన్ని మందుల వల్లా వస్తాయి: నోటి ద్వారా వాడే స్టెరాయిడ్లు, జిమ్‌లో కండలకోసం వేసుకునే హార్మోన్ ఇంజెక్షన్లు, టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్, ఫిట్స్‌కి ఇచ్చే ఫెనిటాయిన్, ఎక్కువ మోతాదు బీ12 ఇంజెక్షన్లు. మొటిమలొచ్చాయని టీబీ మందో ఫిట్స్ మందో మానేయకండి, డాక్టర్‌కి చెప్పండి చాలు.

అద్దం ముందు పది నిమిషాలు

పగటి వెలుతురులో చూసుకోండి. చిన్న తెల్ల గుండ్లు, నల్ల చుక్కలు మాత్రమే ఉంటే తేలిక రకం. ఎర్ర పొక్కులు, చీము కాయలు కలిసి ఉంటే మధ్యరకం. ఈ రెండింటికీ కింద చెప్పే పద్ధతి సరిపోవచ్చు. వేలితో తాకితే లోపల గట్టిగా, నొప్పిగా గడ్డల్లా తగులుతున్నా, అప్పుడే గుంటలు పడుతున్నా, వీపు నిండా ఉన్నా, ఇంట్లో ప్రయోగాలు వద్దు, నేరుగా డాక్టర్ దగ్గరికే. గుంట పడ్డాక పూడ్చడం కష్టం, పడకుండా ఆపడం తేలిక. మొటిమలతో పాటు జ్వరం, కీళ్ళ నొప్పులు ఉంటే ఆ రోజే వెళ్ళండి.

ఎక్కడ వస్తున్నాయో కూడా చూడండి. నుదుటి మీద, జుట్టు మొదలయ్యే అంచు వెంబడే ఎక్కువగా ఉంటే తలనూనెని అనుమానించండి. రోజూ పొద్దున కొబ్బరినూనె పట్టించి గట్టిగా జడ వేసుకుని, మధ్యాహ్నం ఎండకి ఆ నూనె నుదుటి మీదకి కారే పిల్లల్లో ఇది మామూలే. నూనె మానేయమంటే అమ్మమ్మలు ఒప్పుకోరు, మానక్కర్లేదు కూడా. తలస్నానానికి గంటో రెండు గంటలో ముందు పెట్టి, కడిగేసుకుంటే చాలు. దిండు గలీబు వారానికి రెండుసార్లు మార్చండి. గడ్డం కింద, చెవుల దగ్గర వస్తుంటే హెల్మెట్ పట్టీని చూడండి, చెమటకి తడిసిన ఆ పట్టీ రోజూ అక్కడే రాసుకుంటుంది.

అన్నీ ఒకే సైజులో, దురద పెడుతూ, నుదుటి మీద, ఛాతీ, వీపు మీద వస్తున్నాయా? అవి మొటిమలు కాకపోవచ్చు. చర్మం మీద ఉండే మలసీజియా అనే ఫంగస్ వెంట్రుక కుదుళ్ళలో పెరిగితే అచ్చం ఇలాగే కనిపిస్తాయి. చెమట కాలంలో, యాంటీబయాటిక్స్ కోర్సు తర్వాత ఎక్కువ. మొటిమల యాంటీబయాటిక్ వాడితే ఇవి ఇంకా పెరుగుతాయి. వీటికి కీటోకొనజోల్ లాంటి ఫంగస్ మందులు కావాలి. మామూలు మొటిమలకి దురద అంతగా ఉండదు, తేడా పట్టుకోవడానికి అదొక గుర్తు.

పొద్దున, రాత్రి

మొహం రోజుకి రెండుసార్లు కడిగితే చాలు, బాగా చెమట పట్టిన రోజు ఇంకోసారి. ఘాటు సబ్బు వద్దు, మైల్డ్ ఫేస్‌వాష్ వాడండి. జిడ్డు ఎక్కువైతే సాలిసిలిక్ యాసిడ్ ఉన్నది తీసుకోవచ్చు. తువ్వాలుతో రుద్దకుండా అద్దండి.

పొద్దున కడిగాక పలచటి మాయిశ్చరైజర్, దానిపైన ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న సన్‌స్క్రీన్. రెండింటి మీదా 'నాన్ కొమెడోజెనిక్' అని ఉందేమో చూసుకోండి, అంటే రంధ్రాలు మూయని రకం అని కంపెనీ చెప్పుకోవడం. జిడ్డు మొహానికి మాయిశ్చరైజర్ ఎందుకని అడుగుతారు. రాత్రి రాసే మందు చర్మాన్ని ఆరబెడుతుంది, ఆరిన చర్మం మంట పుడుతుంది, మంటకి భయపడి మీరు మందు మానేస్తారు. అది జరగకుండా ఉండటానికే మాయిశ్చరైజర్.

రాత్రి మందు అడాపలీన్ 0.1 శాతం జెల్. విటమిన్ ఏ కుటుంబానికి చెందిన రెటినాయిడ్ ఇది. రంధ్రాలు మూసుకోకుండా చూడటం దీని పని. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి 2016 నుంచి ఇది డాక్టర్ చీటీ లేకుండానే దొరుకుతోంది. ఇక్కడున్నవాళ్ళు ఒక్కసారి డాక్టర్‌కి మొహం చూపించి మొదలుపెట్టడం మంచిది. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళు దీన్ని వాడకూడదు.

రాసే పద్ధతి ముఖ్యం. మొహం కడిగి, పూర్తిగా ఆరనివ్వండి, ఓ పావుగంట ఆగండి. బఠాణీ గింజంత జెల్ తీసుకుని నుదురు, రెండు బుగ్గలు, ముక్కు, గడ్డం మీద చుక్కలు పెట్టి మొహమంతా పలచగా పరచండి. కళ్ళ చుట్టూ, పెదాల మూలల్లో, ముక్కు పక్క మడతల్లో పెట్టొద్దు. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు రాయండి. పొట్టు లేస్తుంటే ముందు మాయిశ్చరైజర్ రాసి, దానిమీద మందు రాయండి. ఎక్కువ రాస్తే త్వరగా తగ్గుతుందని రెండింతలు రాసేవాళ్ళున్నారు, వాళ్ళకి ఎక్కువయ్యేది మంట ఒక్కటే.

ఎర్ర పొక్కులు, చీము కూడా ఉంటే పొద్దున పూట బెంజోయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్ జోడించవచ్చు. 5, 10 శాతంవి కూడా ఉన్నాయి గానీ 2.5 దాదాపు అంతే పనిచేస్తుంది, మంట తక్కువ. ఒక హెచ్చరిక: ఇది బట్టల రంగు తినేస్తుంది. తెల్ల తువ్వాలు, తెల్ల గలీబు వాడండి, పట్టు జాకెట్ వేసుకునే రోజు మెడ దగ్గర రాయకండి. క్లిండామైసిన్ అనే యాంటీబయాటిక్ జెల్ ఒక్కటే నెలల తరబడి రాసుకోవడం మాత్రం తప్పు, బ్యాక్టీరియా ఆ మందుకి అలవాటు పడిపోతుంది. దానికి బెంజోయిల్ పెరాక్సైడ్ తోడుండాలి.

గోళ్ళతో గిల్లకండి. చీము పైకే కాదు, లోపలికి కూడా పగులుతుంది, గుంటలకి దారి అదే. చెయ్యి ఊరుకోకపోతే మొటిమ మీద అంటించే హైడ్రోకొల్లాయిడ్ పట్టీలు దొరుకుతున్నాయి, కనీసం వేళ్ళకి అడ్డంగా ఉంటాయి.

క్యాలెండర్ చూస్తూ

మొదటి నెల చర్మం ఆరిపోతుంది, కొందరికి మొటిమలు కాస్త పెరిగినట్టు కూడా అనిపిస్తుంది. ఎక్కువమంది ఇక్కడే ట్యూబు మార్చేస్తారు. ఆరు నుంచి ఎనిమిది వారాలకి కొత్తవి రావడం తగ్గాలి. పనిచేసిందా లేదా అన్న తీర్పు పన్నెండు వారాలకి. రోజూ అద్దంలో లెక్కపెట్టుకుంటే మనశ్శాంతి పోతుంది గానీ తేడా తెలియదు. రెండు వారాలకోసారి అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. తగ్గాక కూడా అడాపలీన్ మరికొన్ని నెలలు కొనసాగించాలి, లేకపోతే తిరిగొస్తాయి.

పెళ్ళి కుదిరినవాళ్ళకి ఇదే లెక్క. మాఘంలో ముహూర్తమైతే వైద్యం కార్తీకంలో మొదలవ్వాలి. పెళ్ళికి రెండు రోజుల ముందు చేయించుకునే ఫేషియల్, బ్లీచ్ మొటిమలున్న మొహానికి పనికిరావు. ఆ మర్దనకే లోపలున్నవి రేగి, సరిగ్గా తలంబ్రాల వేళకి పైకొస్తాయి. ఒక్క పెద్ద మొటిమ చివరి వారంలో లేస్తే చర్మ డాక్టర్ దానిలోకి పలచటి ఇంజెక్షన్ ఇచ్చి రెండు మూడు రోజుల్లో దించగలరు.

తిండి సంగతి

"వేడి చేసింది" అన్న మాట దగ్గర మన ఇళ్ళలో చర్చ ఆగిపోతుంది. ఆవకాయ, కోడికూర, నూనె వంటలు మొటిమలు తెస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. ఆధారం ఉన్నవి వేరే: రక్తంలో చక్కెరని గబుక్కున పెంచే తిండి, అంటే కూల్‌డ్రింకులు, స్వీట్లు, మైదా బిస్కెట్లు, గిన్నెడు తెల్లన్నం. కొంతమందిలో పాలు, ముఖ్యంగా వెన్న తీసిన పాలు. జిమ్‌కి వెళ్ళే కుర్రాళ్ళలో వే ప్రొటీన్ పొడి. వీటిలో మీరు బాగా తీసుకునేది ఏదో చూసి, దాన్ని రెండు మూడు నెలలు తగ్గించి చూడండి. తేడా లేకపోతే మళ్ళీ మొదలుపెట్టండి. పత్యాలతో పిల్లల్ని చిక్కిపోయేలా చేయొద్దు. మామిడిపండు రోజుకొకటి తింటే వచ్చే నష్టం లేదు, ఎండాకాలం వచ్చే పొక్కుల్లో చాలావాటికి కారణం చెమట.

ఆడవాళ్ళు గమనించాల్సినవి

నెలసరికి వారం ముందు నాలుగు మొటిమలు రావడం మామూలే. అయితే నెలసరి 35 రోజులు దాటి వస్తున్నా, గడ్డం, పై పెదవి మీద ముతక వెంట్రుకలు వస్తున్నా, నడినెత్తిన జుట్టు పలచబడుతున్నా, దవడ వెంబడి లోతైన మొటిమలు పాతికేళ్ళు దాటినా తగ్గకపోయినా పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయ సమస్య) ఉందేమో చూపించుకోవాలి. అప్పుడు హార్మోన్ పరీక్షలు, స్కానింగ్ రాస్తారు. అవసరమైతే గర్భనిరోధక మాత్రలో, స్పైరనోలాక్టోన్ అనే మాత్రో ఇస్తారు. పైపూతలతో మాత్రమే ఇలాంటివి తగ్గవు. "పెళ్ళయితే అవే పోతాయి" అనే పెద్దల మాట పట్టుకుని కూర్చోకండి. పెళ్ళికీ ఆ గ్రంథులకీ సంబంధం లేదు.

గర్భంతో ఉన్నప్పుడు అజెలాయిక్ యాసిడ్ పూతని సాధారణంగా సురక్షితంగా వాడతారు. అదీ మీ డాక్టర్‌కి చెప్పే.

మాత్రలు రాసిస్తే

డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే నిండు గ్లాసు నీళ్ళతో, కూర్చుని వేసుకోండి. వేసుకుని వెంటనే పడుకుంటే మాత్ర ఆహారనాళంలో అతుక్కుని పుండు చేస్తుంది. ఎండకి చర్మం త్వరగా కమిలిపోతుంది కాబట్టి సన్‌స్క్రీన్ మానొద్దు. సాధారణంగా మూడు నెలలకి మించి వాడనివ్వరు. గర్భిణులకీ, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకీ ఇవ్వరు.

ఐసోట్రెటినాయిన్ మొండి మొటిమలకి ఇప్పటికీ అన్నిటికన్నా బలమైన మందు. 1982 నుంచి వాడకంలో ఉంది. నూనె గ్రంథులనే కుంచింపజేస్తుంది. పెదాలు పగలడం దాదాపు అందరికీ ఉంటుంది, లిప్ బామ్ జేబులో పెట్టుకోండి. భోజనం చేశాక వేసుకుంటేనే ఒంటికి బాగా పడుతుంది. మొదలుపెట్టేముందు, మధ్యలో లివర్, కొవ్వు పరీక్షలు చేయిస్తారు. ఆ రోజుల్లో వ్యాక్సింగ్ చేయించుకుంటే చర్మం ఊడొస్తుంది, ఆపాక కూడా ఆరు నెలలు వద్దు. దీనితో పాటు డాక్సీసైక్లిన్ కలిపి వేసుకోకూడదు, తలలో ఒత్తిడి పెరుగుతుంది. మందు వాడుతున్నన్నాళ్ళూ, ఆపాక నెల రోజులూ రక్తదానం చేయకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది: గర్భంలో బిడ్డకి ఇది తీవ్రమైన అవకరాలు తెస్తుంది. మొదలుపెట్టడానికి నెల ముందు నుంచి, ఆపిన నెల తర్వాత వరకు గర్భం రాకూడదు. అక్క వాడగా మిగిలిన స్ట్రిప్ చెల్లి వేసుకోవడం లాంటివి ఈ మందు విషయంలో అసలు పనికిరావు. మనసు బాగా దిగులుగా మారుతున్నట్టు అనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టర్‌కి చెప్పండి.

మచ్చలా, గుంటలా

వేలితో తడమండి. సమంగా తగిలితే మచ్చ, పల్లంగా తగిలితే గుంట. మన చర్మపు రంగుకి నల్ల మచ్చలు పడటం ఎక్కువే గానీ అవి నెలల మీద వాటంతట అవే పలచబడతాయి. సన్‌స్క్రీన్, అజెలాయిక్ యాసిడ్, అడాపలీన్ ఆ పనిని త్వరపెడతాయి. గుంటలు ఏ క్రీముకీ పూడవు, ప్రకటన ఎంత బాగున్నా సరే. వాటికి మైక్రోనీడ్లింగ్ (సన్న సూదులతో చర్మాన్ని గుచ్చడం), సబ్‌సిషన్ (గుంటని కిందకి లాగే పోగుల్ని సూదితో తెంచడం), లేజర్ లాంటివి ఉన్నాయి, గుంట ఆకారాన్ని బట్టి ఏది కావాలో తేలుతుంది. చాలాసార్లు రెండు మూడు పద్ధతులు కలపాలి, డబ్బు కూడా బాగానే అవుతుంది. కొత్త మొటిమలు ఆగకముందే లేజర్ ప్యాకేజీ కట్టించుకునే చోట్ల నుంచి లేచి వచ్చేయండి.

ఏ డాక్టర్, ఏం తీసుకెళ్ళాలి

బోర్డు మీద 'స్కిన్ అండ్ హెయిర్' అని ఉండటం సరిపోదు. పేరు పక్కన ఎం.డి. డి.వి.ఎల్., డి.డి.వి.ఎల్., లేదా చర్మ విభాగంలో డి.ఎన్.బి. ఉండాలి. కాస్మెటాలజీ సర్టిఫికెట్ వీటితో సమానం కాదు. డి.వి.ఎల్. అంటే చర్మ, సుఖ, కుష్ఠు వ్యాధుల చదువు. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రుల్లో ఈ విభాగం ఉంటుంది. గది మీద చర్మ, సుఖ, కుష్ఠు వ్యాధులని మూడు పేర్లూ కలిపి రాసి ఉంటే చూసి సిగ్గుపడి వెనక్కి తిరిగొచ్చే కుర్రాళ్ళున్నారు. ఆ వరసలో నిలబడ్డవాళ్ళలో చాలామంది తామర, చుండ్రు, మొటిమలతో వచ్చినవాళ్ళే.

మేకప్ లేకుండా వెళ్ళండి. మొదట్లో బయటికి తీసిన ట్యూబులన్నీ ఒక కవర్లో వేసుకెళ్ళండి, స్టెరాయిడ్ ఉన్నది సిగ్గుపడి ఇంట్లో వదిలేయొద్దు, డాక్టర్‌కి ముందు కావాల్సింది అదే. వేసుకుంటున్న మాత్రలు, ప్రొటీన్ పొడి, ఆడవాళ్ళైతే చివరి నెలసరి తేదీ చెప్పండి. తీసిన ఫొటోలు ఫోన్‌లో చూపించండి. చీటీ రాయించుకుని లేచే ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఏది పొద్దున, ఏది రాత్రి, మళ్ళీ ఎన్ని వారాలకి రావాలి. ఓపీ చీటీ కౌంటర్ దగ్గర రద్దీ ఎక్కువగా ఉంటుంది కాబట్టి ప్రభుత్వాసుపత్రికైతే పొద్దున్నే బయల్దేరండి.